ఎర్మన్నకి వచ్చిన మూడో స్థానం

ఎర్మానో పెజ్జేయి అన్న పేరు సరిగ్గా పలకడం న్యూజెర్సీలో మా పిస్కాటవే తెలుగువాళ్ళలో ఒక్కరికీ చేతకాలేదు. మొదటి వారం ఎర్మానో గారు. రెండో వారం ఎర్మాన్. నెల తిరిగేసరికి ఎర్మన్న. ఆరడుగుల ఇటలీ మనిషిని, పిల్లికళ్ళవాణ్ణి, మొహమంతా ఎండకి కమిలి కళ్ళచుట్టూ గాగుల్స్ మేర మాత్రం తెల్లగా మిగిలినవాణ్ణి పట్టుకుని "అన్నా, ఇంకో గారె వేసుకో" అంటూంటే చూడముచ్చటగా ఉండేది. అతను లోపల ఏమనుకునేవాడో గానీ గారె మాత్రం వేసుకునేవాడు.

ఆ ఎర్మన్న స్లాలమ్ వీరుడు. వీరుడన్నది నా మాట కాదు, మా డాక్టర్ రామమోహనరావు గారి మాట. ఆయన తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. ఎవరో ఒకర్ని వీరుణ్ణి చేయందే ఆయనకి మైకు వదలబుద్ధి కాదు.

స్లాలమ్ అంటే ఏమిటో మీకు తెలియకపోతే సిగ్గుపడకండి, నాకూ తెలీదు. కొండవాలు మీద మంచులో వరసగా కర్రలు పాతుతారు, ఎర్రవి రెండు, నీలంవి రెండు. ఒక్కో జతనీ గేటు అంటారు. కాళ్ళకి స్కీలు కట్టుకుని ఆ గేట్లన్నింటిలోంచి మెలికలు తిరుగుతూ కిందికి రావాలి. అలా రెండుసార్లు దిగాలి, రెండు టైములూ కలిపి ఎవరిది తక్కువైతే వాడు గెలిచినట్టు. ఏ గేటు దగ్గరైనా ఒక స్కీ కర్రకి ఇవతల, రెండోది అవతల పోయిందా, అంతే సంగతులు. ఆ తర్వాత ఎంత గొప్పగా దిగినా లెక్కలోకి రాదు. "పక్కనే తిన్నగా దారి ఉంటే ఈ వంకర్లెందుకయ్యా?" అని అడిగాను నేను. ఎర్మన్న నవ్వి, "అక్కా, తిన్నగా దిగడం ఆవులకి కూడా వచ్చు" అన్నాడు. వాళ్ళ నాన్నకి ఉత్తర ఇటలీ కొండల్లో ఆవులుండేవిట. అందుకని నమ్మాను.

పంతొమ్మిదేళ్ళకి అతన్ని జాతీయ జట్టులో తీసుకున్నారు. మా డాక్టరుగారు ఇంతవరకే చెప్పి చప్పట్లు కొట్టించేవారు. అసలు సంగతేమిటంటే తీసుకున్నది రెండో జట్టులో. పెళ్ళిలో రెండో పంక్తికి కూర్చున్నట్టన్నమాట, విస్తరి వేస్తారు గానీ బూరెలు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఆ రోజుల్లో ఇటలీలో స్లాలమ్ మొనగాళ్ళు వీధికొకడుట. వాళ్ళంతా ముందు దిగి, కర్రల దగ్గర మంచుని గోతులు గోతులుగా దున్నేశాక, యాభై మంది వెనక మన ఎర్మన్న దిగేవాడు. సగం పోటీల్లో ఆ గోతుల్లోనే పడేవాడు. మిగతా సగంలో ఎవరూ చూడని స్థానంలో వచ్చేవాడు.

ఒక్కసారి, 1977 జనవరిలో, ఆల్ప్స్‌లో ఏదో ఊళ్ళో జరిగిన వరల్డ్ కప్ పోటీలో మూడో స్థానం వచ్చింది. అంతే. ముందూ లేదు, వెనకా లేదు. మరో రెండేళ్ళు ఆ మూడో స్థానం మొహం చూసి జట్టులో ఉంచుకున్నారు. '79లో ఇంక చాల్లే వెళ్ళిరమ్మన్నారు. అమెరికాలో డబ్బులిచ్చి ఆడించే పోటీలున్నాయని ఎవరో చెబితే కొలరాడో వచ్చిపడ్డాడు. ఇక్కడ ఇద్దరిద్దర్ని పక్కపక్కన దింపుతారు, చుట్టూ బీరు కంపెనీల బ్యానర్లు, జనం కేకలు. అచ్చం మా భీమవరం కోడిపందాలే, కత్తులు ఒక్కటే తక్కువ. రెండేళ్ళు అలా దిగాక మోకాలు పోయింది. కొలరాడో కొండల మీంచి న్యూజెర్సీ దిబ్బ మీదికి వచ్చాడు, పిల్లలకి స్కీయింగ్ నేర్పడానికి.

ఆ దిబ్బ పేరు ఫాక్స్ హాలో. మా ఇంటికి గంట డ్రైవు. వాళ్ళు దాన్ని కొండ అనేవారు. సరే, వాళ్ళ దేశం, వాళ్ళిష్టం.

1982 డిసెంబర్లో రామమోహనరావు గారు తెలుగు కుటుంబాలన్నింటినీ పోగేసి ఆ ఫాక్స్ హాలోకి తోలుకెళ్ళారు. అమెరికా వచ్చి అమెరికన్లు చేసేవి చేయకపోతే రేపు పిల్లలు మనల్ని లెక్కచేయరట. చీరల మీద ఓవర్‌కోట్లు, వాటి మీద మఫ్లర్లు, వెనక డిక్కీల్లో పులిహోర, దద్దోజనం, ఊరమిరపకాయలు. మేమంతా కింద గుడిసెలో కూర్చుని పులిహోర విప్పుతూంటే మా ఆయన మాత్రం స్కీలు అద్దెకి తీసుకున్నారు.

మా ఆయన గురించి ఇక్కడ చెప్పాలి. పేరు కృష్ణమోహన్. కాకినాడలో ఇంజనీరింగ్ లెక్చరర్‌గా చేసి '76లో ఇక్కడికొచ్చారు. పాఠం ఎలా చెప్పేవారో నాకు తెలీదు గానీ పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌గా మాత్రం జిల్లా అంతా పేరు మోగింది. ఈయన అడుగుల చప్పుడు వింటే చీటీలు మింగేసేవారుట పిల్లలు. మా పెళ్ళయిన మూణ్ణెల్లకి మా తమ్ముడు శ్యామ్‌సుందర్ చొక్కా చేతిలో చీటీ పట్టుకుని వాణ్ణి డిబార్ చేయించారు. సొంత బావమరిది! మా అమ్మ వచ్చి కాళ్ళావేళ్ళా పడింది. "చూశాను అత్తయ్యగారూ, చూసింది చూడలేదని ఎలా అంటాను?" అన్నారు. ఏడాదిపాటు మా పుట్టింట్లో ఈయనకి కాఫీ నీళ్ళు పుట్టలేదు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అంటారే, ఆ ఉలిపికట్టెని నాకు కట్టబెట్టారు.

ఆయన స్కీలు కట్టుకుని, వాలు ఎంత, ఘర్షణ ఎంత అని పక్కవాళ్ళకి సిద్ధాంతం బోధిస్తూ బోధిస్తూనే జారడం మొదలుపెట్టారు. బోధన ఆగింది గానీ ఆయన ఆగలేదు. కింద పిల్లలకి పాఠం చెప్పుకుంటున్న ఒక పొడుగాటి మనిషిని పడగొట్టి, అతని మీద పడి, అప్పుడాగారు. అలా పరిచయం ఎర్మన్న.

ఈయన చీలమండ వాచిపోతే అతనే మా కారు డ్రైవ్ చేసుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడు. భోజనం పెట్టాను. పప్పు తిన్నాడు, ఆవకాయ తిన్నాడు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, మళ్ళీ వేసుకున్నాడు. మొక్కజొన్న పిండితో వాళ్ళ అమ్మ చేసే వంటకం గురించి పావుగంట వర్ణించాడు. అంతా విని, "ఓస్, సంకటేగా!" అన్నాను, మర్నాడు చేసి పెట్టాను. ఆ మనిషి గిన్నె అడుగు వరకూ తుడుచుకుని తిన్నాడు. నెల తిరక్కుండా మా బేస్‌మెంట్‌లో దిగాడు. చలికాలం కొండ మీద పాఠాలు, మిగతా రోజులు ఎడిసన్‌లో ఒక ఇటలీ మేస్త్రీ దగ్గర టైల్స్ పని. నన్ను అక్కా అనేవాడు, మా ఆయన్ని ప్రొఫెసోరే అనేవాడు, వాళ్ళ భాషలో ప్రొఫెసర్ అనుట. మా అమ్మాయి విద్యకి అప్పుడు పదేళ్ళు. దాన్ని కొండ మీదికి తీసుకెళ్ళి కర్రల మధ్య తిప్పడం మొదలుపెట్టాడు. కూచిపూడి క్లాసు మానేసి స్కీయింగేమిటని నేను గోలపెట్టాను. రామమోహనరావు గారు వచ్చి, కాలేజీ అప్లికేషన్‌లో స్కీ రేసింగ్ ఉంటే ఎంత విలువో చెప్పాక నోరు మూసుకున్నాను. విలువ అన్నాక మనం కాదంటామా?

అతని సామాను సర్దుతూంటే ఒక పతకం కనబడింది. గుండ్రంగా, కాస్త లోతుగా, అంచు పైకి ఉండి. "ఇదేనా ఆ మూడో స్థానం?" అంటే తలూపాడు. దండేసి షోకేస్‌లో పెడదామంటే వద్దన్నాడు. మర్నాడు చూద్దును కదా, వాషింగ్ మెషీన్ పక్కన అరమీద ఉంది. దాని మీద బట్టల సబ్బు.

"అదేమిటయ్యా?"

"సరిగ్గా సరిపోయింది అక్కా. నీళ్ళు కారవు."

ఇటలీవాళ్ళకి తిక్క అనుకున్నాను. మన పిల్లలకి స్పెల్లింగ్ పోటీలో పాల్గొన్నందుకిచ్చిన కాగితమే ఫ్రేము కట్టించి హాల్లో పెడతాం. వరల్డ్ కప్ పతకం మీద సబ్బు పెడతాడా మనిషి!

పార్టీల్లో మాత్రం ఆ పతకం రోజురోజుకీ పెరిగింది. "మీట్ అవర్ ఎర్మన్న, వరల్డ్ కప్ థర్డ్!" అని మొదలుపెట్టారు రామమోహనరావు గారు. ఉగాది నాటికి అది రెండో స్థానమైంది. దీపావళికి ఒలింపిక్స్ అయింది. ఇంకో ఏడాది పోతే అతను ఆ కొండల్ని కూడా కనిపెట్టేవాడు. డాక్టరుగారు గొంతు సవరించుకోగానే ఎర్మన్న లేచి వంటింట్లోకి వచ్చి గిన్నెలు కడగడానికి నిలబడేవాడు. ఎంత వినయమో అని ఆడవాళ్ళంతా మురిసిపోయేవారు. నేనూ మురిశాను, నా గిన్నెలు కదా కడిగేది.

ఇంతలో ఆటే మారిపోయింది. వెదురు కర్రల బదులు ప్లాస్టిక్ కర్రలొచ్చాయి. అడుగున స్ప్రింగు ఉంటుంది, తగిలితే పడుకుని మళ్ళీ లేస్తాయి. వెదురు కాలంలో కర్రకి గౌరవం ఉండేది, దాని చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు కుర్రకారు తిన్నగా వెళ్ళి కర్రని మోచేత్తో, మోకాలితో తన్నుకుంటూ పోతున్నారు. తిరిగేవాడు వెనకబడ్డాడు, తన్నేవాడు గెలిచాడు. ముప్ఫై దాటాక ఎర్మన్న మళ్ళీ ఒకటో క్లాసులో కూర్చుని తన్నడం నేర్చుకున్నాడు. ముంజేతుల నిండా కందిన మచ్చలు. పైగా కర్రకి అంత దగ్గరగా పోతే స్కీ కొన అవతలివైపుకి జారడం వెంట్రుకవాసి పని. కర్ర పడుకుని లేస్తుంది కాబట్టి అది ఎటు పోయిందో కంటికి ఆనదు కూడా.

'85 జనవరిలో అసలు కథ వచ్చింది. ఎర్మన్న వీసా ఏప్రిల్‌తో అయిపోతుంది. ఫాక్స్ హాలో యజమాని హారిగన్‌కి అతన్ని హెడ్ కోచ్ చేసి గ్రీన్ కార్డ్ స్పాన్సర్ చేయాలనే ఉంది. కానీ లాయరు పెదవి విరిచాడు. ఎనిమిదేళ్ళ కిందటి మూడో స్థానం పాతబడింది, ఈ మనిషి ఇప్పటికీ అందరికన్నా గొప్పవాడని చూపించాలంటే ఇప్పుడు గెలవాలన్నాడు. ఫిబ్రవరిలో ఆ కొండ మీదే ఓపెన్ స్లాలమ్ ఉంది, నాలుగు రాష్ట్రాల కుర్రాళ్ళు వస్తారు. అందులో గెలిస్తే హెడ్ కోచ్, గ్రీన్ కార్డ్. గెలవకపోతే ఏప్రిల్‌లో విమానం.

గ్రీన్ కార్డ్ అన్న మాట చెవిన పడితే మనవాళ్ళు ఊరుకుంటారా? మేం దాటొచ్చిన ఏరే కదా అది. రామమోహనరావు గారు పిట్స్‌బర్గ్ గుళ్ళో అర్చన చేయించారు, గోత్రం తెలీక తన గోత్రమే చెప్పారుట. మా సంఘంలో సుమతి అనే ఆవిడ ఎరుపు దారం తెచ్చి అతని చేతికి కట్టింది. ఆ దారం గ్లవ్స్‌లోకి దూరి గోకుతోందని అతను గొణిగితే, గోకితేనే పనిచేస్తున్నట్టని చెప్పింది. నేను రోజూ సంకటి వండాను. మొక్కే అలవాటు నాకు పెద్దగా లేదు, కానీ ఆ నెల పడుకునే ముందు ప్రతిరోజూ మొక్కాను. ఈ మనిషి వెళ్ళిపోకూడదు స్వామీ అని. మా తమ్ముడు ఎలాగూ మా ఇంటి గడప తొక్కడు, తమ్ముడనుకోడానికి నాకు ఆ ఇటలీవాడొక్కడే ఉన్నాడు.

ఆ పోటీలో గేట్ల దగ్గర నిలబడి చూసేవాళ్ళని గేట్ జడ్జీలంటారు. పనిచేసేది పిల్లల అమ్మానాన్నలే. చేతికో అట్ట, పెన్సిలు ఇచ్చి నాలుగేసి గేట్లు అప్పగిస్తారు. చలిలో చాక్లెట్ పాలు తాగుతూ, ఇళ్ళ రేట్ల గురించి మాట్లాడుకుంటూ, ఎవరైనా దబ్బున పడితే రాసుకోవడం, అంతే ఉద్యోగం. విద్య అక్కడి స్కీ క్లబ్బులో ఉంది కాబట్టి మా ఆయనకీ పిలుపొచ్చింది. ఎర్మన్న మా ఇంట్లోనే ఉంటాడన్న సంగతి ముందే చెప్పి, నేను తప్పుకుంటానన్నారు ఈయన. మనుషులు దొరక్క ఛస్తున్నాం, రావయ్యా బాబూ అన్నారు వాళ్ళు. పాపం, ఎవర్ని పిలుస్తున్నారో వాళ్ళకి తెలీదు. ఆ రూల్సు పుస్తకం ఈయన రెండుసార్లు చదివారు. పెన్సిళ్ళు మూడు చెక్కుకున్నారు. పదేళ్ళ తర్వాత మళ్ళీ ఇన్విజిలేషన్ డ్యూటీ పడేసరికి మొహంలో కళ వచ్చింది. అప్పుడే నా గుండెలో రాయి పడింది.

పోటీనాడు మా తెలుగువాళ్ళు నలభై మంది బ్యానరు పట్టుకుని కింద నిలబడ్డారు. "గో ఎర్మన్న" అని ఇంగ్లీషులో ఒకవైపు, "జయీభవ" అని తెలుగులో ఇంకోవైపు. మొదటిసారి దిగినప్పుడు అతనికి రెండో స్థానం. రెండోసారి ఏడో నంబరు బిబ్బుతో, అంటే చొక్కా మీద తొడిగే నంబరు గుడ్డతో, దిగడం మొదలుపెట్టగానే, ఆటంటే ఏమీ తెలియని నాకు కూడా తెలిసిపోయింది. ఆ దిగడం వేరు. కర్రలు టపటపా పడుకుంటున్నాయి, అతను మాత్రం ఎక్కడా తొందరపడుతున్నట్టు లేడు. ముప్ఫైరెండేళ్ళ మనిషి, అరిగిన మోకాలితో, ఇరవై ఏళ్ళవాళ్ళని మించిపోయాడు. కింద గడియారం మీద అతని టైము పడగానే కొండంతా ఊగిపోయింది. అందరికన్నా తక్కువ! రామమోహనరావు గారు ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. లడ్డూల డబ్బా మూత ఎవరు తీశారో గానీ హారిగన్ నోట్లో కూడా ఒక లడ్డూ పడింది.

ఎర్మన్న మాత్రం గీత దాటాక చేతులెత్తలేదు. వెనక్కి తిరిగి కొండవైపు చూశాడు. అలసట అనుకున్నాం.

పావుగంటలో బోర్డు మీద అతని పేరు పక్కన గీత పడింది. డిస్‌క్వాలిఫైడ్. ముప్ఫై ఒకటో గేటు దగ్గర ఎడమ స్కీ కర్రకి అవతలివైపు పోయిందని గేట్ జడ్జి రాశాడు. ఆ జడ్జి ఎవరో చెప్పాలా? నలభై తలలు ఒక్కసారిగా నావైపు తిరిగాయి. పెళ్ళి చేసింది మా నాన్న అయితే వీళ్ళంతా నన్ను చూస్తారేమిటి?

హారిగన్ వెంటనే అప్పీల్ చేశాడు. ముగ్గురు పెద్దలు గుడిసెలో కూర్చుని విచారిస్తారు. గేట్ జడ్జికి ఏమాత్రం అనుమానం ఉన్నా పోటీదారుదే గెలుపు, అది రూలు. అంటే మా ఆయన "నాకు సరిగ్గా కనబడలేదు" అంటే చాలు. మూడు మాటలు!

కొండ దిగి వస్తున్న మా ఆయన్ని రామమోహనరావు గారు దారిలోనే పట్టుకున్నారు. "కృష్ణమోహన్ గారూ, మీరు ధర్మరాజు, ఒప్పుకున్నాం. కానీ కళ్ళద్దాలన్నాక ఆవిరి పడుతుంది. ఇంత చలిలో పట్టకపోతేనే ఆశ్చర్యం. ఆ ఒక్క ముక్క చెప్పండి. మనవాడండీ!"

"పట్టలేదు" అన్నారు ఈయన.

"పట్టిందని అనుకోండి!"

నేనూ అన్నాను. అనకుండా ఎలా ఉంటాను? "మా తమ్ముణ్ణి ఎలాగూ తీసేశారు. ఈ తమ్ముణ్ణయినా ఉంచండి" అన్నాను. ఆ మాటకి ఆయన మొహం ఎలా అయిందో చెప్పలేను. లోపలికి నడిచారు.

గుడిసె నిండా తడిబట్టల కంపు. ముగ్గురు పెద్దలు బల్ల వెనక, హారిగన్ తలుపు దగ్గర, మేమంతా కిటికీలకీ గోడలకీ అతుక్కుని. ఎర్మన్న పొయ్యి పక్క బెంచీ మీద కూర్చుని మోకాలికి ఐసు పెట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"మిస్టర్ కృష్ణమోహన్, మీరు చూసింది ఖచ్చితమేనా?" అని అడిగాడు పెద్దాయన.

మా ఆయన కళ్ళద్దాలు తీశారు. మఫ్లర్‌తో తుడిచారు. మళ్ళీ తుడిచారు. పదమూడేళ్ళ కాపురంలో ఆ మనిషి ఒక ప్రశ్నకి జవాబు చెప్పడానికి అంతసేపు తీసుకోవడం నేను చూడలేదు.

"నా కళ్ళద్దాలు..." అన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా చేతిలో చీటీ దొరికిన కుర్రాడిలా నిలబడ్డారు పాపం. "చలికి నా కళ్ళద్దాల మీద..."

అను మహానుభావా, అనెయ్ అని నేను లోపల అరుస్తున్నాను.

"ప్రొఫెసోరే," అన్నాడు ఎర్మన్న. "కళ్ళద్దాలు పెట్టుకోండి."

ఐసు సంచీ బెంచీ మీద పెట్టి లేచాడు. పెద్దల వైపు తిరిగి, "ఆయన సరిగ్గానే చూశారు. ఎడమ స్కీ కొన. నా కాలికి తెలిసింది" అన్నాడు.

హారిగన్ ఏదో బూతు తిట్టి తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయాడు. రామమోహనరావు గారు తల పట్టుకున్నారు. ఆ ముగ్గురు పెద్దలు కాగితం మీద సంతకాలు పెట్టి, లేచి, ఎర్మన్నకి ఒక్కొక్కరే చెయ్యిచ్చారు. చెయ్యిచ్చి ఏం లాభం, ఆ చేతుల్లో గ్రీన్ కార్డ్ లేదుగా.

ఇంటికొస్తూంటే కారు మా ఆయనే నడుపుతున్నారు. వెనక సీట్లో విద్య మొహం తిప్పుకుని ఏడుస్తోంది. చివరికి నేనే ఉండబట్టలేక ఎర్మన్నని అడిగేశాను. "ముందే ఒప్పుకుంటే పోయేదిగా? అంతసేపు ఎందుకు కూర్చున్నావు?"

"నేనూ ఆ కళ్ళద్దాల మీదే ఆశ పెట్టుకున్నాను అక్కా" అన్నాడు. "ఆయన నోట్లోంచి ఆ మాట వస్తే తీసుకుందామనే కూర్చున్నాను."

"మరి?"

కాసేపు కిటికీలోంచి చూశాడు. "'77లో కూడా ఒక కర్ర నా కాళ్ళ మధ్యనుంచి పోయింది. ఆ గేటు దగ్గర నిలబడ్డవాడు ఆ క్షణంలో సిగరెట్ వెలిగించుకుంటున్నాడు. నాకు తెలుసు. ఇంకెవరికీ తెలీదు. మూడో స్థానం ఇచ్చారు, తీసుకున్నాను. ఆ సాయంత్రం హోటల్లో గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకున్నాను. ఇందాక ప్రొఫెసోరే కళ్ళద్దాలు తుడుస్తున్నప్పుడు ఆయన మొహం చూశాను. అదే మొహం."

మా ఆయన కారు పక్కకి తీసి ఆపేశారు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నారు. నాకు డాక్టరుగారి మైకు గుర్తొచ్చింది, ఒలింపిక్స్ గుర్తొచ్చింది, మేం చప్పట్లు కొట్టినప్పుడల్లా అతను కడిగిన గిన్నెలు గుర్తొచ్చాయి. వినయమట! ఎంత తెలివైనవాళ్ళం మేం.

ఏప్రిల్‌లో వెళ్ళిపోయాడు, పతకాన్ని సబ్బు కిందే వదిలేసి. విమానాశ్రయానికి నలభై మందిలో నలుగురం వెళ్ళాం. వీరులు ఓడిపోతే రామమోహనరావు గారికి ఆ రోజే ఆపరేషన్లు పడతాయి. మా ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు ఎర్మన్న. నన్ను మాత్రం, సంకటి ఉండకట్టకుండా ఉండాలంటే ఏం చేయాలని అడిగాడు. వాళ్ళమ్మకి చెబుతాడుట. ఆవిడ చేతి వంట తిని పెరిగినవాడు ఆవిడకి చెబుతాడుట! అక్కడ నిలబడే ఏడ్చేశాను.

ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే పిల్లలకి స్కీయింగ్ నేర్పుతున్నాడు. క్రిస్మస్‌కి ఫోను చేస్తాడు. మా తెలుగువాళ్ళు మాత్రం ఇప్పటికీ మా ఆయన్ని "ఎర్మన్నని ముంచినాయన" అని పరిచయం చేస్తారు. ఆయన గిన్నెలు కడగడానికి వెళ్ళరు, అక్కడే నిలబడి తలూపుతారు. మొన్న వేసవిలో మా తమ్ముడు శ్యామ్‌సుందర్‌కి ఆయనే ఫోను చేసి రమ్మన్నారు. వాడొచ్చి రెండు వారాలున్నాడు.

వాడు ఒకరోజు బేస్‌మెంట్‌లో చొక్కా ఉతుక్కోడానికి దిగి, సబ్బు కింద ఆ బిళ్ళ చూసి, "బావా, ఇది వరల్డ్ కప్ పతకం కదా! ఇలా పెట్టారేమిటి?" అని పైకి పట్టుకొచ్చాడు.

మా ఆయన పేపరు దించకుండా, "అది సబ్బు పెట్టెరా, ఉన్నచోట పెట్టు" అన్నారు. "పతకం హాల్లో ఉంది."

హాల్లో మా షోకేస్‌లో, కొండపల్లి బొమ్మల పక్కన, ఇస్త్రీ చేసి మడతపెట్టిన ఏడో నంబరు బిబ్బు ఉంటుంది.